వేగం పక్కన ఏ మాట కూర్చుంటుంది?

ఇంగ్లీషులో ఒక్కొక్క మాటకీ ఇష్టమైన జోడీ ఉంటుంది. "హై స్పీడ్" అంటారు. "ఫాస్ట్ స్పీడ్" అంటే ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. "ఫాస్ట్ పేస్" మాత్రం సరే. అర్థం ఒకటే కదా అని వాదించి లాభం లేదు, మాటల సావాసం అలా కుదిరింది. వేగం పెరగకుండా, తగ్గకుండా నిలిచినప్పుడు వాడే జోడీలు వ్యాసాల్లోనూ ఇంటర్వ్యూల్లోనూ మనకు పనికొస్తాయి. మన రైలు దారి మీదే వాటిని పెట్టి చూద్దాం.

చెన్నై-మైసూరు వందే భారత్ 2022 నవంబరు 11న మొదలైంది. కాట్పాడిలో ఆగుతుంది, గుడియాత్తంలో ఆగదు. ఆ రైలు గంటకు 160 కి.మీ. పోగలదు. అది "టాప్ స్పీడ్". దాదాపు 500 కి.మీ. దారికి ఆరున్నర గంటలు పెట్టారు. భాగించి చూస్తే గంటకు 77 కి.మీ. దాకా వస్తుంది. అది "ఆవరేజ్ స్పీడ్". కాట్పాడి దాటాక మీటరు ముల్లు కదలకుండా కాసేపు నిలిచిందనుకోండి, అది "కాన్‌స్టెంట్ స్పీడ్". "ఒకే స్పీడ్‌లో పోయింది" అనడానికి "సేమ్ స్పీడ్" అని రాస్తే, ఇంకో బండితో పోలుస్తున్నామేమో అనిపిస్తుంది.

మనిషి నడకకూ పనికీ "స్పీడ్" కన్నా "పేస్" నప్పుతుంది. గుడియాత్తంలో లుంగీ నేసేవారి చెయ్యీ కాలూ ఒక లయలో సాగుతుంటే అది "స్టెడీ పేస్". అక్కడ "కాన్‌స్టెంట్ స్పీడ్" అంటే లెక్కల పుస్తకం వాసన వస్తుంది.

పరుగు పందేల్లో పేస్ అంటే కిలోమీటరుకు పట్టే టైము. 2019 అక్టోబరు 12న వియన్నాలో కెన్యా పరుగువీరుడు ఎలియుడ్ కిప్చోగే 42.195 కి.మీ. దూరాన్ని 1 గంట 59 నిమిషాల 40 సెకన్లలో ముగించాడు. ప్రతి కిలోమీటరుకూ ఇంచుమించు 2 నిమిషాల 50 సెకన్లే. చుట్టూ పేస్‌మేకర్లు వంతులవారీగా మారుతూ పరిగెత్తారు కాబట్టి దాన్ని అధికారిక రికార్డుగా లెక్కపెట్టలేదు. అతను చేసింది "కీప్ అప్ ద పేస్", అంటే జోరు తగ్గనివ్వకపోవడం. "కీప్ పేస్ విత్" అంటే వేరు: ఇంకొకరికి దీటుగా సాగడం. చిన్న "విత్" వచ్చి అర్థాన్నే మార్చేసింది.

మరి తెలుగులో? మన వీధిలో తమిళం "సీరాన వేగం" అంటుంది. తెలుగు రాసేటప్పుడు చాలామంది "స్థిరమైన వేగం" అని ఇంగ్లీషుకే చీర కట్టి నిలబెడతారు. ఆంధ్ర, తెలంగాణ సైన్సు పుస్తకాల్లో స్పీడ్‌కి "వడి", వెలాసిటీకి "వేగం" అని వేరువేరు మాటలున్నాయి. ఇక మామూలు మాటల్లో తెలుగుకీ తన జోడీలున్నాయి. వాన "ఏకధాటిగా" కురుస్తుంది, నవల "ఏకబిగిన" చదువుతాం, ఆటగాడు "నిలకడగా" ఆడతాడు. మొదటి రెండింటిలో మధ్యలో ఆగకపోవడం ముఖ్యం, మూడోదానిలో హెచ్చుతగ్గులు లేకపోవడం ముఖ్యం. వీటిని ఒకదాని చోట ఒకటి పెట్టలేం. నవలను నిలకడగా చదివామంటే కథే మారిపోతుంది!

ఇంగ్లీషువారు "స్లో అండ్ స్టెడీ" అని రెండు మాటల్లో చెప్పేదాన్ని మనం "నిదానం" అని ఒక్క మాటలో చెప్తాం. వాడకపోతే ఈ మాటలు మన ఊళ్లో ముందుగా పోతాయి, ఎందుకంటే ఇక్కడ బడిలోనూ బస్సులోనూ తెలుగు వినపడేది తక్కువ. మీ ఇంట్లో అవ్వ, అమ్మమ్మ ఇలాంటి మాట ఏదైనా వాడుతుంటే అడిగి తెలుసుకుని ఈ కాగితం కింద రాయండి.