ఛాతీ పట్టుకొనని గుండెపోటు

మన చలనచిత్రములలో గుండెపోటునకు ఒక రూపము చిరకాలముగా స్థిరపడియున్నది. కుమారుడు ఇల్లు విడిచిపోయెననియో, వ్యాపారము మునిగిపోయెననియో వినినంతనే గృహయజమాని ఎడమ ఱొమ్మును గట్టిగా పట్టుకొని, రెండడుగులు తూలి, మెట్ల చెంత ఒరిగిపోవును. ఆ దృశ్యమును చూచి పెరిగిన మనము గుండెకు వచ్చిన ఆపద ఆ విధముగనే బయటపడునని నిశ్చయించుకొంటిమి. అట్టి గుండెపోటు లేకపోలేదు. కాని తెల్లవారుజామున లేచి కూర్చుండి, "గుండెల మీద బరువుగా ఉందే, రాత్రి తిన్న గుత్తివంకాయ అరగలేదేమో" అని భార్యతో చెప్పి, "ఏమండీ, ఆసుపత్రికి పోదామా?" అని ఆమె అడుగగా "ఈ వేళప్పుడు ఎందుకే, గ్యాసే" అని కాస్త వాము నమిలి మరల పరుండిన మనిషికి వచ్చినదియు గుండెపోటే. మొదటివానిని ఇంటిల్లిపాదియు మోసికొని పరుగెత్తుదురు, రెండవవానిని నిద్రపోనిత్తురు. నా ఆవేదన ఈ రెండవవానిని గూర్చి.

గుండె కండరమునకు నెత్తురు నందించు ధమనుల లోపలి గోడలలో ఏండ్ల తరబడి క్రొవ్వు పేరుకొని, ఒకనాడు ఆ పూత పగిలి, పగిలినచోట నెత్తురు గడ్డకట్టి దారి మూసివేయుటయే సాధారణముగా ఈ వ్యాధికి మూలము. దారి మూసికొనిన క్షణము నుండి ఆ ధమనిపై నాధారపడిన కండరము కొద్దికొద్దిగా నశించుచుండును. దీనిని మానవుడు తెలిసికొనుటకు చాలకాలము పట్టెను. 1768లో లండనులోని రాజవైద్య కళాశాలలో విలియం హెబర్డెన్ అను వైద్యుడు, నడచునప్పుడు ఱొమ్మును నొక్కివేయుచు, నిలిచినంతనే మాయమగు ఒక బాధను విపులముగా వర్ణించెను గాని, దానికి కారణము గుండె ధమనులలో నున్నదని ఆయన ఎఱుగడు. ధమని హఠాత్తుగా మూసికొనినచో మరణము తక్షణమే తప్పదని వైద్యలోకము నమ్ముచుండగా, అట్లు కాదని, రోగి గంటలు, దినములు, ఏండ్లు సైతము జీవింపవచ్చునని 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ నిరూపించెను. ఆ వ్యవధియే నేడు చికిత్సకు అవకాశమైనది. ఆ వ్యవధినే మనము వాముతోడను, అమృతాంజనముతోడను వ్యర్థపుచ్చుచున్నాము.

"నొప్పి ఉందా?" అని అడిగినచో పెక్కుమంది రోగులు "లేదండీ" అనియే చెప్పుదురు. అది అసత్యము కాదు. సూదితో గ్రుచ్చినట్టి, కత్తితో కోసినట్టి నొప్పి కొఱకు వారు తమ దేహమును వెదకుకొందురు, అది కనబడదు. కనబడునది బరువు, బిగుతు, పట్టివేసినట్టి భావము, మంట, చెప్పనలవికాని ఇబ్బంది. ఎక్కడ అని అడిగినప్పుడు వ్రేలితో ఒక చోటు చూపక, పిడికిలి బిగించి ఱొమ్ము నడుమ ఆనించు రోగిని చూచి వైద్యులు జాగరూకులగుదురు. అమెరికా వైద్యుడు శామ్యూల్ లెవైన్ పేరిట ఆ సంజ్ఞ ప్రసిద్ధమైనది. కావున ఇంటిలోనివారు అడుగవలసిన ప్రశ్న "నొప్పి ఉందా?" అని కాదు, "ఎలా ఉంది?" అని. గుండె ఎడమవైపున నున్నదను నమ్మకము వలన, ఱొమ్ము నడుమ కలిగిన బాధను గుండెది కాదని త్రోసివేయువారును మనలో ననేకులు గలరు.

ఆ బాధ ఱొమ్ముననే నిలువవలెనని నియమము లేదు. గుండె నుండి వార్త గొనిపోవు నాడులును, భుజములు, చేతుల లోపలివైపు, వీపు పైభాగముల నుండి వచ్చు నాడులును వెన్నుపాములో ఇంచుమించు ఒకే తావున చేరును. వేర్వేఱు ఊళ్ల ఉత్తరములు ఒకే సంచిలో పడినప్పుడు పంపినవాని ఊరు తెలియక తికమకపడు తపాలా గుమాస్తా వలె, మెదడు గుండె మొఱను చేతి మొఱగా చదువుకొనును. ఎడమ చేయి లాగుట అందఱకు తెలిసినదే. కుడి చేయి, రెండు చేతులు, దవడ, మెడ, రెక్కల నడుమ వీపు కూడ అట్లే లాగవచ్చునని తెలిసినవారు తక్కువ. నడచినప్పుడు దవడ నొచ్చి, ఆగినంతనే తగ్గుచున్నచో, పంటి వైద్యునికంటె ముందు హృద్రోగ నిపుణుని చూడవలెను.

ఇక గ్యాసు సంగతి. గుండె అడుగుభాగము ఉదరవితానముపై ఆనియుండును. దాని దిగువనే జీర్ణాశయము. ఆ భాగమునకు నెత్తురు ఆగినప్పుడు పొట్ట పైభాగమున నొప్పి, వికారము, వాంతి, ఎక్కిళ్లు కలుగుట వింత గాదు. ఒక తేనుపు వచ్చి తేలికపడినంత మాత్రమున, జెలుసిల్ త్రాగగా మంట తగ్గినంత మాత్రమున, గుండె క్షేమమని తేలదు. గ్యాసు అను నిర్ణయము ఈసీజీ తీసిన పిమ్మట వైద్యుడు చేయవలసినదే గాని వంటింటిలో మనము చేయదగినది కాదు. ఆ బాధతోపాటు చల్లని చెమటలు పట్టినను, ఆయాసము తోడైనను, ముఖము పాలిపోయినను సందేహమునకే తావు లేదు. "ఇంకా చిన్నవాడే గదా" అను ఓదార్పు కూడ మనకు చెల్లదు: 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధనలో, దక్షిణాసియా వాసులకు తొలి గుండెపోటు వచ్చు సగటు వయస్సు 53 ఏండ్లుగాను, తక్కిన దేశములవారికి సుమారు 59 ఏండ్లుగాను తేలినది.

ఱొమ్మున ఏ బాధయు లేకయే వచ్చు గుండెపోటు అన్నిటికంటె భయంకరము. అమెరికాలో నాలుగు లక్షల ముప్పదివేలకు పైబడిన రోగుల వివరములు పరిశీలించి 2000లో ప్రకటించిన నివేదిక ప్రకారము, వారిలో మూడవ వంతు మంది ఆసుపత్రికి వచ్చునప్పటికి ఛాతీనొప్పి లేనివారే. వారు ఆలస్యముగా వచ్చిరి, చికిత్సయు తక్కువగా పొందిరి. నొప్పి గలవారిలో నూటికి 9 మంది ఆసుపత్రిలో మరణింపగా, వీరిలో 23 మంది మరణించిరి. వృద్ధులు, స్త్రీలు, మధుమేహ రోగులు ఈ వర్గమున అధికముగా నుండిరి. చక్కెరవ్యాధి ఏండ్లు గడచిన కొలది నాడులను మొద్దుబార్చుటచే, అట్టివారికి హఠాత్తుగా వచ్చిన ఆయాసమో, కారణము లేని చెమటయో, కండ్లు తిరిగి పడిపోవుటయో మాత్రమే లక్షణము కావచ్చును. డెబ్బది దాటిన వృద్ధునికి మతి చెదరుట ఒక్కటియే కావచ్చును.

స్త్రీలకు సైతము ఛాతీలో బాధయే ప్రధాన లక్షణము; కాని దానితో, లేదా అది లేకుండ, వికారము, వీపునొప్పి, ఊపిరాడకుండుట, విపరీతమైన నీరసము తఱచుగా కనబడును. గుండెపోటు నుండి బయటపడిన 515 మంది అమెరికన్ స్త్రీలను ప్రశ్నించి 2003లో ప్రకటించిన పరిశోధనలో, సుమారు 71 శాతము మంది నెలనాళ్ల ముందునుండియే ఎన్నడునులేని అలసట కలిగెననియు, సగమునకు కొంచెము తక్కువమంది నిద్ర చెడెననియు చెప్పిరి. మన ఇండ్లలో అందఱకు వడ్డించి, అంట్లు సర్ది, చివరకు కూర్చున్న తల్లి "ఒంట్లో ఓపిక లేదురా" అనుటను ఎవ్వరు వినుచున్నారు? నిన్నటివఱకు సునాయాసముగా ఎక్కిన మేడమెట్లు నేడు సగములో ఆగి ఎక్కుచున్నదేమో బిడ్డలు కనిపెట్టవలెను. ఆమె తనంతట తాను చెప్పదు.

అనుమానము కలిగినచో చేయవలసినది స్వల్పమే. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ప్రారంభమైన 108 సేవకు వెంటనే ఫోను చేయవలెను. రోగిని నడిపింపరాదు, స్వయముగా బండి తోలనీయరాదు. ఆస్పిరిను పడనివారు, రక్తస్రావము గలవారు తప్ప, తక్కినవారు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిను మాత్రను అట్లే మింగక నమలి మింగవలెను. 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో, ఆస్పిరిను ఒక్కటియే తొలి ఐదు వారముల మరణములను ఇంచుమించు నాలుగవ వంతు మేరకు తగ్గించినది. ప్రక్కింటివారిచ్చిన సార్బిట్రేటును వైద్యుడు చెప్పనిదే నాలుక క్రింద పెట్టరాదు. రక్తపుపోటు పడిపోయి ప్రమాదము కలుగవచ్చును. ఈసీజీ లేని చోట సూదిమందుతో సరిపుచ్చుకొని కాలహరణము చేయక, అది యున్న చోటికి పోవలెను. చేరిన పది నిమిషములలో అది తీయవలసియున్నది. ధమని పూర్తిగా మూసికొనినదని తేలినచో, గడ్డను కరిగించు మందునకైనను, బెలూను చికిత్సకైనను తొలి పండ్రెండు గంటలలోనే విశేష ప్రయోజనము; అందులోను మొదటి గంటలు అమూల్యములు. తొలి ఈసీజీ బాగున్నదని సంతోషించి లేచి రావలదు. గుండెపోటు వచ్చుచుండగనే అది నిర్మలముగా కనబడవచ్చును గనుక, కొలది వ్యవధిలో మరల ఈసీజీ, కొన్ని గంటలకు మరల ట్రోపోనిన్ రక్తపరీక్ష చేయుదురా అని వైద్యుని అడిగి, అవి ముగియువఱకు అచ్చటనే వేచియుండవలెను.