విల్లీ నెల్సన్

విల్లీ నెల్సన్ (జననం: 1933 ఏప్రిల్ 29) అమెరికాకు చెందిన గాయకుడు, పాటల రచయిత, గిటారు వాద్యకారుడు. ఆ దేశపు పల్లె బాణీలలో వేళ్ళూనిన కంట్రీ సంగీతంలో ఇతడు అగ్రగణ్యుడు. 1950లలో మొదలై 2020లలోనూ కొనసాగిన ఇతని ధ్వనిముద్రణలలో సొంత స్టూడియో ఆల్బములే 75కు పైగా ఉన్నాయి. రచయితగా 28వ ఏటనే పేరు తెచ్చుకున్నప్పటికీ, గాయకుడిగా కంట్రీ పాటల పట్టికలో తొలిసారి ప్రథమస్థానం పొందేనాటికి ఇతనికి 42 సంవత్సరాలు. ఈ మధ్యకాలపు చరిత్ర ప్రధానంగా, పాట ఎలా వినిపించాలో నిర్ణయించే అధికారం ఎవరిది అన్న ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

తొలి జీవితం

నెల్సన్ టెక్సాస్ రాష్ట్రంలోని ఆబట్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఇతనినీ, అక్క బాబీనీ నాయనమ్మ, తాతయ్యలే పెంచారు. ఆరేళ్ళ వయసులో తాతయ్య గిటారు కొనిచ్చాడు. పియానో నేర్చుకున్న బాబీ తరువాత దశాబ్దాల పాటు తమ్ముని బృందంలో వాయించి 2022లో మరణించింది. నెల్సన్ రేడియోలో వ్యాఖ్యాతగా పనిచేస్తూ 1950ల రెండవ సగంలో తన తొలి రికార్డును సొంత ఖర్చుతో వెలువరించాడు.

పాటల రచయితగా

డబ్బు అవసరమై నెల్సన్ తన 'ఫ్యామిలీ బైబిల్' పాటను 50 డాలర్లకు అమ్ముకున్నాడు. 1960లో క్లాడ్ గ్రే పాడగా అది ప్రజాదరణ పొందింది. ఆ ఏడాదే నెల్సన్ కంట్రీ సంగీత పరిశ్రమకు కేంద్రమైన నాష్‌విల్ నగరం చేరాడు. 1961లో ఇతని 'హలో వాల్స్'ను ఫారన్ యంగ్, 'క్రేజీ'ని పాట్సీ క్లైన్ పాడి ప్రసిద్ధం చేశారు. 1962లో లిబర్టీ సంస్థ ద్వారా ఇతని తొలి ఆల్బం విడుదలయింది.

1960ల మధ్యలో ఇతడు ఆర్.సి.ఎ. సంస్థలో చేరాడు. అక్కడ నాటి నాష్‌విల్ ఆనవాయితీ ప్రకారం వయొలిన్ల బృందం, వెనుక కోరస్, స్టూడియో వాద్యకారులు ఉండేవారు. నెల్సన్‌ది కొద్దిగా ముక్కుతో పలికే గొంతు. తాళానికి కాస్త వెనుకగానో ముందుగానో పదాన్ని విడవడం ఇతని పద్ధతి. ఆ నిండు వాద్యగోష్ఠిలో ఈ ప్రత్యేకత మరుగునపడింది. అమ్మకాలు కూడా అంతంత మాత్రమే. 1969లో కొన్న నైలాన్ తీగల మార్టిన్ గిటారు మాత్రం ఇతనికి శాశ్వతంగా తోడైంది. 'ట్రిగర్' అని పేరు పెట్టిన ఆ గిటారుకు ఒరిపిడి వల్ల పెద్ద రంధ్రం పడినా ఇతడు దానిని మార్చలేదు.

రెడ్ హెడెడ్ స్ట్రేంజర్

1970ల తొలినాళ్ళలో నెల్సన్ నాష్‌విల్ విడిచి టెక్సాస్‌లోని ఆస్టిన్‌కు మకాం మార్చాడు. అట్లాంటిక్ సంస్థకు చేసిన 'షాట్‌గన్ విల్లీ' (1973), 'ఫేజెస్ అండ్ స్టేజెస్' (1974) విమర్శకుల మెప్పు పొందాయి. ఆ సంస్థ కంట్రీ విభాగాన్ని మూసివేయగా కొలంబియాలో చేరాడు. ఆల్బం రూపకల్పనపై పూర్తి అధికారం తనదేనని ఒప్పందంలో వ్రాయించుకున్నాడు.

ఆ ఒప్పందం క్రింద వచ్చిన తొలి ఆల్బం 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' (1975). భార్యను, ఆమె ప్రియుని చంపి దేశం పట్టి తిరిగే ఒక మతబోధకుని కథ ఇది. టెక్సాస్‌లోని గార్లండ్‌లో తన బృందంతోనే, కొద్ది రోజులలో ముద్రించాడు. చాలాచోట్ల గిటారు, గొంతు తప్ప మరేమీ వినిపించదు. ఇది పూర్తికాని నమూనా ముద్రణ అని కంపెనీ అధికారులు భావించారు. కాని ఒప్పందం ఉన్నందున ఉన్నదున్నట్లు విడుదల చేయవలసి వచ్చింది. ఇందులోని 'బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్' ఇతనికి తొలి ప్రథమస్థానాన్ని తెచ్చింది. రచయితగా పేరొందిన నెల్సన్‌కు ఆ గౌరవం ఫ్రెడ్ రోజ్ వ్రాసిన పాత పాటతో దక్కడం విశేషం. మరుసటి ఏడాది వేలన్ జెన్నింగ్స్ తదితరులతో కలిసి వెలువడిన 'వాంటెడ్! ది అవుట్‌లాస్', పది లక్షల అమ్మకాలకిచ్చే ప్లాటినం గుర్తింపు పొందిన తొలి కంట్రీ ఆల్బం.

స్టార్‌డస్ట్

1978లో నెల్సన్ పూర్వతరం సినిమా, నాటకశాల పాటలను 'స్టార్‌డస్ట్'గా వెలువరించాడు. దీనికి నిర్మాత బుకర్ టి. జోన్స్. ఈసారి కూడా కంపెనీ సందేహించింది. అయితే ఆ ఆల్బం కంట్రీ పట్టికలో సుమారు పదేళ్ళపాటు నిలిచింది. 'ఆన్ ద రోడ్ అగైన్' (1980), 'ఆల్వేస్ ఆన్ మై మైండ్' (1982) ఇతని ఇతర ప్రసిద్ధ గీతాలు.

పన్ను బకాయి

1990లో అమెరికా ఆదాయపు పన్ను శాఖ 1 కోటి 67 లక్షల డాలర్ల బకాయి క్రింద ఇతని ఆస్తులను స్వాధీనం చేసుకుంది. బాకీ తీర్చేందుకు నెల్సన్ పాత ముద్రణలతో 'ది ఐ.ఆర్.ఎస్. టేప్స్' అనే ఆల్బం విడుదల చేశాడు. అందులోనూ ఉన్నవి గొంతు, గిటారు మాత్రమే. 1993లో వివాదం పరిష్కారమయింది. అదే ఏడాది కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతనికి స్థానం లభించింది.

తరువాతి ఆల్బములు

1998లో డానియల్ లన్వా నిర్మించిన 'టియాట్రో' వెలువడింది. 89వ పుట్టినరోజున, 2022లో, విడుదలైన 'ఎ బ్యూటిఫుల్ టైమ్' ఉత్తమ కంట్రీ ఆల్బంగా గ్రామీ పురస్కారం పొందింది. 2024లో వచ్చిన 'ది బోర్డర్' ఇతని 75వ సొంత స్టూడియో ఆల్బంగా లెక్కకు వచ్చింది. అసంపూర్ణమని ఒకనాడు అధికారులు అనుమానించిన 'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్'ను, అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం భద్రపరచదగిన ధ్వనిముద్రణల జాతీయ పట్టికలో చేర్చింది.