డాక్యుమెంటరీ చిత్రములు: ఉత్సవములలోను, ఇంటిలోను

కథాచిత్రమునకు ముందు ఫిలిమ్స్ డివిజన్ వారి డాక్యుమెంటరీ చూపుట మన సినిమాహాళ్లలో ఒకప్పటి నియమము. 1948లో వెలసిన ఆ సంస్థ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమైనది. డాక్యుమెంటరీ మాత్రము అంతరింపలేదు, చోటు మార్చుకొన్నది.

దీనికొరకే ముంబయిలో 1990 నుండియు, కేరళలో 2008 నుండియు అంతర్జాతీయ చిత్రోత్సవములు జరుగుచున్నవి. అంత దూరము పోజాలని మానవపాడు వాసికిని అంతర్జాలము ద్వారా కొన్ని చిత్రములు ఇంటనే లభించును. 2023లో ఆస్కార్ పొందిన ‘ది ఎలిఫెంట్ విస్పరర్స్’ తల్లిలేని ఏనుగు గున్నలను సాకిన దంపతుల గాథ. శౌనక్ సేన్ తీసిన ‘ఆల్ దట్ బ్రీద్స్’ (2022) ఢిల్లీలో గాయపడిన గ్రద్దలకు చికిత్స చేయు సోదరులను చూపును.

ఇట్టి చిత్రము చూచునప్పుడు ఒక ప్రశ్న వేసికొనవలెను: బ్రతుకు ఎవరిది, చూచు కన్ను ఎవరిది? జహీరాబాదు ప్రాంతమున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత స్త్రీలు ఆ రెండును తమవే చేసికొనిరి. బడి చదువు లేనివారు సైతము కెమెరా నేర్చి, తమ చిరుధాన్యములను గూర్చియు, బీటీ పత్తి వేసి నష్టపడిన వరంగల్లు రైతులను గూర్చియు చిత్రములు తీసిరి. 2008లో వారి సంఘం రేడియో సైతము ప్రసారములు ప్రారంభించినది.

గద్వాల సీమలోని విత్తనపు పత్తి చేలలో సాయంత్రము మొగ్గ నొలిచి, మరునాటి ఉదయము దానికి పుప్పొడి నద్దుదురు. ఒక్కొక్క పువ్వునకు ఒక్కొక్కమారు చేయి తగులవలెను. ఆ పనివారి శ్రమ, కూలి, అప్పు ఎవరో వచ్చి చిత్రించువరకు వేచియుండ నేల? ఆ చేతులే కెమెరా పట్టిననాడు మన చేని కథ మన మాటలోనే ఉత్సవములకు చేరును.