‘థింగ్’ అను పదముయొక్క యర్థపరిణామము

ఇంగ్లీషున ‘థింగ్’ అనగా వస్తువు. పేరు తోచని దానినెల్ల నా మాటతోనే వ్యవహరించుట కలదు. ఇంత సామాన్యార్థము గల పదము తొలుత సభావాచకమై యుండెననుట పలువురకు వింతగా దోచును. అది యెట్లు వస్తువాచకమయ్యెనో యిందు విచారింపబడుచున్నది.

ఇది జర్మానిక భాషలలో బెక్కింట గల పదము. ప్రాచీనాంగ్లమునందును, బ్రాచీన నార్సుభాషయందును ‘థింగ్’ అనియు, జర్మను, డచ్చి భాషలయందు ‘డింగ్’ అనియు గానవచ్చుచున్నది. పదాదియందలి యిట్టి యింగ్లీషు థకారమునకు జర్మనున డకారము వచ్చుట నియతము. మూడను సంఖ్యను దెలుపు ‘థ్రీ’, ‘డ్రై’ అను పదములే యిందుకు దృష్టాంతములు. గోథిక్ భాషయందలి ‘థీహ్స్’ అను జ్ఞాతిపదమునకు గాలమని యర్థము. కావున నిర్ణీతకాలమున జనులు కూడుటయే సభార్థమునకు మూలమని భాషాశాస్త్రజ్ఞులు తలంచుచున్నారు.

సభార్థమునకు బ్రమాణములు పెక్కులు. క్రీ. శ. 7వ శతాబ్దమునాటి కెంటు రాజుల ధర్మశాసనములలో నీ పదము సభయను నర్థమున బ్రయుక్తమైనది. ఐస్లాండున 930లో నేర్పడిన సర్వజనసభకు ‘ఆల్‌థింగ్’ అని పేరు. అది 1800లో రద్దయి, 1845లో మరల సమావేశమయ్యెను. నేటికిని ఆ దేశపు శాసనసభ కదియే పేరు. నార్వే, డెన్మార్కు శాసనసభల పేళ్లగు ‘స్టోర్టింగ్’, ‘ఫోల్కెటింగ్’ అను సమాసములయందును ఉత్తరపద మిదియే.

పూర్వమీ సభలు శాసనములు చేయుటయే కాక వ్యాజ్యములను గూడ దీర్చుచుండెను. సభలో విచారింపబడు వ్యవహారమునకును సభ పేరే చెల్లెను. ఆ యర్థము క్రమముగా వ్యాపించి, యేదేని విషయమును, దుదకు వస్తువును దెలుపజొచ్చెను. నడుమ వ్యవహారార్థ ముండెననుటకు జర్మనుభాష సాక్షి. రక్షించుట, పక్షము వహించి వాదించుట యను నర్థములు గల ‘ఫెర్‌టైడిగెన్’ అను క్రియ, న్యాయసభ కూడు దినమును దెలుపు ‘టగెడింగ్’ అను ప్రాచీనసమాసమునుండి పుట్టినది.

ఈ మార్గమున నడచిన పదము లింకను గలవు. వ్యాజ్యార్థముగూడ గల లాటిను ‘కౌసా’ శబ్దమే ఫ్రెంచిభాషలో ‘షోజ్’ అయి వస్తువును దెలుపుచున్నది. జర్మనున వస్తువునకు వాడు ‘జాఖె’ పదమునకును దొల్లి వివాదమే యర్థము.

ఇచట మన ‘సంగతి’ శబ్దము స్మరణకు వచ్చును. సంస్కృతమున గూడిక యని యర్థమిచ్చు నీ పదము తెలుగున విషయమును దెలుపును. ఆద్యంతములు చూడ ‘థింగ్’ శబ్దమును బోలినట్లే యున్నది. కాని సంగతికి బొందిక, పూర్వాపరసంబంధము అను నర్థములు శాస్త్రములయందు బ్రసిద్ధములు. న్యాయసభతో దీనికి బనిలేదు. రెండు పదములకు మొదలును దుదయు నొకటియైనను నడుమ మార్గములు వేఱు. కావున నర్థపరిణామమును నిర్ణయింపబూనువారు మధ్యస్థితికి బ్రయోగమును జూపవలయును. అది లేని వ్యుత్పత్తి యెంత సొంపుగా నున్నను ఊహయే కాని ప్రమాణము కానేరదు.