చిన్న జెట్టి పాంచో విల్లా

"పిట్ట కొంచెము, కూత ఘనము" అను సామెతను మన యిండ్లలో పెద్దలు తరచుగా పలుకుచుందురు. అయినను వ్యాయామపు తరగతిలో బాలురను ఎత్తుచొప్పున నిలువబెట్టునపుడు, వరుస చివర నిలుచువాడు తల వంచుకొనుటను మేము అనేక పర్యాయములు చూచితిమి. బలమనగా దేహపరిమాణమే యని వాని తలంపు. ఈ తలంపు తప్పని చూపిన యొక జెట్టి చరిత్రమును, అతని యకాలమరణమునకు కారణమైన యొక చిన్న యజాగ్రత్తను ఇచ్చట సంగ్రహముగా వివరింపగోరుచున్నాము. మొదటిది చిన్నవారికి ధైర్యము నొసగును. రెండవది పెద్దవారికిని పిన్నలకును హెచ్చరికయగును.

మొదట ముష్టియుద్ధపు నియమములను కొన్ని తెలిసికొనవలెను. 1867వ సంవత్సరమున ఇంగ్లండులో క్వీన్స్‌బరీ ప్రభువు పేరిట ప్రకటింపబడిన నియమముల ప్రకారము జెట్టీలు చేతులకు మెత్తని తొడుగులు ధరింపవలెను. ఒక్కొక్క రౌండు మూడు నిమిషములు. రెండు రౌండుల నడుమ ఒక నిమిషము విశ్రాంతి. పడినవాడు పది సెకండ్లలోపల లేవనియెడల ఓడినట్లే. పిదప 1909లో లండనునందలి నేషనల్ స్పోర్టింగ్ క్లబ్బువారు జెట్టీలను బరువులనుబట్టి ఎనిమిది తరగతులుగా విభజించిరి. అందు మిక్కిలి తేలికయైనదానికి ఫ్లైవెయిట్, అనగా ఈగబరువు, అని పేరిడిరి. దాని హద్దు 112 పౌనులు, అనగా సుమారు 51 కిలోలు.

ఈ విభజన యెందులకని మీరు అడుగవచ్చును. బరువులో భేదము మెండుగా నున్నయెడల తేలికవాని నేర్పు బరువైనవాని యొక్క దెబ్బతో వ్యర్థమగును. బరువులు సమానముగా నున్నపుడో, గెలుపు నేర్పుచేతను, వడిచేతను, ఓర్పుచేతను నిర్ణయింపబడును. చిన్న తరగతుల జెట్టీలు పాదములను మిక్కిలి వేగముగా కదల్చుచు, ఒక పెద్ద దెబ్బకు మారుగా అనేకమైన దెబ్బలను వెంటవెంట కొట్టుదురు. కావున ఈ తరగతి ఆటను చూచువారికి కన్ను మూయుటకు తీరిక యుండదు.

ఇక మన కథానాయకుని సంగతి. ఇతని యసలు పేరు ఫ్రాన్సిస్కో గ్విలేదో. ఫిలిప్పీను దీవులలో నీగ్రోస్ ఆక్సిడెంటల్ అను మండలమునందలి ఈలోగ్ గ్రామమున 1901వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన జనించెను. అప్పుడా దేశము అమెరికావారి పరిపాలనలో నుండెను. బిడ్డ పసివాడై యుండగనే తండ్రి అమెరికా నౌకాదళమున చేరుటకై యిల్లు విడిచిపోయెను. తల్లి మేకలను పెంచుకొనుచుండగా బాలుడామెకు తోడ్పడెను. పిదప ఇలోయిలో పట్టణమునకు పోయి, వీథులలో బాటసారుల బూట్లకు మెరుగుపెట్టి పొట్టపోసికొనెను. అచ్చటనుండి మనీలా నగరమునకు చేరెను. అచ్చట పాకీటో విల్లా అను నతడు ఈ బాలుని నేర్పును గుర్తించి, కన్నబిడ్డవలె చేరదీసెను. కావున లోకమితనిని పాంచో విల్లా యను పేరుతోనే యెరుగును. అతని యెత్తు అయిదడుగుల ఒక అంగుళము మాత్రమే.

1922లో అతడు సముద్రము దాటి అమెరికాకు పోయెను. ఆ యేడు సెప్టెంబరు 14వ తేదీన బ్రూక్లినునందు జానీ బఫ్ అను జెట్టిని పదునొకండవ రౌండున ఓడించి, అమెరికా ఫ్లైవెయిట్ బిరుదము నందెను. అయితే 1923 మార్చి 1వ తేదీన ఫ్రాంకీ జెనారో యనువానిచేత ఓడి, ఆ బిరుదమును కోలుపోయెను. ఓటమిచేత అతడు క్రుంగిపోలేదు. కొన్ని నెలలలోనే అంతకంటె గొప్ప యవకాశము వచ్చెను.

అప్పటికి ఫ్లైవెయిట్ జగజ్జెట్టి జిమ్మీ వైల్డ్. ఇతడును మన సామెతకు తగినవాడే. వేల్సు దేశపు బొగ్గుగనులలో బాల్యమునందే పనిచేసి, పెద్దవారు దూరలేని యిరుకు సందులలో ప్రాకి బొగ్గు త్రవ్వినవాడు. తరగతి హద్దుకంటెను తక్కువ బరువుతోనే తనకన్న బరువైన వారిని పడగొట్టి, 1916లో జగజ్జెట్టి యనిపించుకొనెను. 1923 జూను 18వ తేదీన న్యూయార్కునందలి పోలో గ్రౌండ్సు అను మైదానమున వీరిరువురును తలపడిరి. వైల్డునకు 31 ఏండ్లు. అతడు రెండేండ్లకు పైగా పోటీకి దిగియుండలేదు. విల్లాకు 21 ఏండ్లు. వృద్ధసింహమువలె వైల్డు పోరాడెను గాని, యేడవ రౌండున విల్లా కొట్టిన దెబ్బకు నేలగూలెను. వైల్డు మరల పోటీకి దిగలేదు. ఆసియా ఖండమువారిలో ముష్టియుద్ధమున జగజ్జెట్టియైన మొదటివాడు మేకలు కాచి, బూట్లకు మెరుగుపెట్టిన యీ బాలుడే.

ఇంతటి కీర్తి రెండేండ్లే నిలిచెను. 1925 జూలై 4వ తేదీన కాలిఫోర్నియాలో జిమ్మీ మక్లార్నిన్ అను పదునేడేండ్ల జెట్టితో అతనికి పోటీ యేర్పడెను. ఆనాటి యుదయమున విల్లాకు జ్ఞానదంతము తీయించుకొనవలసి వచ్చెను. దవుడ వాచియున్నను అతడు పోటీని మానుకొనలేదు. ఒక చేతితో ముఖమును కాపాడుకొనుచు పది రౌండులును నిలిచి, తీర్పున ఓడెను. పిదప మరికొన్ని పండ్లను తీయవలసి వచ్చెను. విశ్రమింపుమనియు, మరల వచ్చి చూపుకొమ్మనియు దంతవైద్యుడు చెప్పిన మాటను అతడు పాటింపక, మిత్రులతో విందులు సలిపెను. చీము గొంతునకు ప్రాకెను. జూలై 14వ తేదీన సాన్‌ఫ్రాన్సిస్కోలో శస్త్రచికిత్స జరుగుచుండగా ప్రాణము విడిచెను. ఇరువదినాలుగవ యేడు నిండుటకు ఇంక పదునెనిమిది దినములే యుండెను. అతని దేహమును మనీలాకు తెచ్చి సమాధి చేసిరి. ఏ పోటీయందును పది లెక్కించువరకు నేలపై పడియుండనివాడు ఒక పంటిచేత పడిపోయెను!

దీని కారణము వైద్యులకు తెలియనిది కాదు. క్రింది దవుడ పండ్ల వేళ్లయొద్ద చేరిన చీము నాలుకక్రింది మెత్తని భాగములలోనికి దిగి, మెడకు వ్యాపించును. వాపు హెచ్చినకొలది ఊపిరిత్రోవ మూసికొనును. 1925లో దీనికి తగిన మందు లేదు. పెన్సిలిను 1928లో కనుగొనబడినను, వైద్యమున వాడుకకు వచ్చినది 1940వ సంవత్సరము తరువాతనే. నేడు మందులు కలవు. కాని మందు ఆలస్యముగా వచ్చినవానిని రక్షింపజాలక పోవచ్చును.

పరీక్షల దినములలో పంటినొప్పిని దాచుకొని, బుగ్గన లవంగమునుంచుకొని తరగతికి వచ్చు బాలురను మేమెరుగుదుము. వారిది ధైర్యమే, సందేహము లేదు. కాని బుగ్గ వాచి, జ్వరము తగిలి, నోరు తెరచుటయు మ్రింగుటయు కష్టమైనపుడు దాచుట ధైర్యము కాదు. అట్టివారిని తలిదండ్రులు ఆ దినమే వైద్యుని యొద్దకు కొనిపోవలెనని మా మనవి. పరీక్ష మరల వచ్చును.

వరుస చివర నిలుచు చిన్నవాడా! నీ యెత్తును చూచి సిగ్గుపడకుము. విల్లావలె శ్రమింపుము, ఓడినను మరల లెమ్ము. కాని దేహము నొప్పి యను భాషలో నీతో మాటలాడునపుడు, విల్లావలె చెవులు మూసికొనకుము.