తాడు కట్టు... తాడో పేడో తేల్చు!

మీకు తెలుసా? ఆడిన మొదటి మూడు టెస్టుల్లోనూ సెంచరీ బాదిన మొనగాడు ప్రపంచం మొత్తమ్మీద ఒక్కడే. మన హైదరాబాదు అజహరుద్దీన్! 1984 డిసెంబరు 31న కలకత్తాలో మొదలైన టెస్టులో 110, తర్వాత మద్రాసులో 105, ఆపైన కాన్పూరులో 122. అజహర్ అనగానే గుర్తొచ్చేవి రెండు: పైకెత్తిన కాలరు, మెడలో నల్లతాడుకు వేలాడే తాయెత్తు.

సరే, అజహర్ మొత్తం ఎన్ని టెస్టులు ఆడాడో చెప్పండి? 99! చివరి టెస్టులోనూ సెంచరీయే, 2000లో బెంగుళూరులో 102. నూరో టెస్టు మాత్రం రానేలేదు. తాయెత్తు పరుగులిచ్చిందేమో గానీ, లెక్క మాత్రం సరిచేయలేదు!

తంబళ్లపల్లె నుంచి కుప్పం దాకా ఏ ఊరి కబడ్డీ జట్టునైనా వరసలో నిలబెట్టండి. మొలతాడో, మణికట్టుకు ఎర్రదారమో, మెడలో అంత్రమో లేనివాడు దొరికితే వాడికే కప్పిచ్చేద్దాం. ఇంతకీ ఇవి కట్టుకుంటే ఆట బాగుపడుతుందా? తొందరెందుకు, పదండి!

మీకు తెలుసా? మన ఎర్రదారానికి అమెరికాలో ఓ ఖరీదైన తమ్ముడున్నాడు. పేరు పవర్ బ్యాలెన్స్. 2007లో కాలిఫోర్నియాలో ఇద్దరు అన్నదమ్ములు మొదలెట్టిన రబ్బరు కడియం అది. దాని మీద మెరిసే బిళ్ళ ఒకటి. ఒంట్లోని శక్తిని ఆ బిళ్ళ సరిచేస్తుందట! అప్పట్లో ధర సుమారు 30 డాలర్లు. ఫుట్‌బాల్ మొనగాడు డేవిడ్ బెక్హామ్ కట్టాడు, బాస్కెట్‌బాల్ మొనగాడు షకీల్ ఓనీల్ కట్టాడు. తాయెత్తుకు ఇంగ్లీషు వస్తే రేటు పెరగదూ!

2010లో ఒక అమెరికా టీవీ చానల్ దానికి 'ఈ ఏటి మేటి క్రీడావస్తువు' అని పట్టం కట్టింది. అదే ఏడాది డిసెంబరులో ఆస్ట్రేలియా అధికారులు నిలదీస్తే, "మా మాటలకు నమ్మదగిన శాస్త్రీయ ఆధారం లేదు" అని కంపెనీయే ఒప్పుకుంది. పట్టం దక్కడమూ పరువు పోవడమూ ఒకే ఏడాదిలో!

ఆగండి, ఇంకా ఉంది. 2011 మార్చిలో శాక్రమెంటో నగరంలోని పెద్ద బాస్కెట్‌బాల్ స్టేడియానికి ఆ కంపెనీ తన పేరు పెట్టించుకుంది. నవంబరుకల్లా దివాలా పిటిషన్! ఎనిమిదే నెలలు. అందరికీ బ్యాలెన్సు అమ్మినవాడి బ్యాంకు బ్యాలెన్సే తప్పిపోయింది.

మీకు తెలుసా? ఈ కడియాన్ని అంగట్లో ఎలా అమ్మేవారో! మిమ్మల్ని ఒంటికాలి మీద నిలబెట్టి కొంచెం తోస్తారు. తూలుతారు. కడియం తొడిగి మళ్ళీ తోస్తారు. ఈసారి తూలరు. డబ్బులు తీయండి!

కిటుకు ఎక్కడుందో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వాళ్ళు పట్టేశారు. 42 మంది క్రీడాకారులకు అసలు కడియమూ ఉత్తుత్తి కడియమూ మార్చిమార్చి తొడిగి పరీక్షించారు. రెండింటికీ తేడా సున్నా. కానీ ఏది ముందు తొడిగినా సరే, మొదటిసారి కన్నా రెండోసారే మెరుగ్గా చేశారు! తోస్తాడని ముందే తెలిసినవాడు ఎందుకు తూలుతాడు? అంగడివాడు ఎప్పుడూ కడియాన్ని రెండోసారే తొడుగుతాడు. నాకైతే కడియం కన్నా ఆ అమ్మకందారు తెలివే అసలైన ప్రపంచ రికార్డనిపిస్తుంది.

ఇలా పక్కపక్కన పెట్టి తేల్చడం మనకేమీ కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి ఉందే, 1915 నాటిది, ఆ ఆసుపత్రి వాళ్ళు 1950లలో చుట్టుపక్కల పల్లెల్లో బి.సి.జి. టీకా వేసినవాళ్ళనూ వేయనివాళ్ళనూ పోల్చి ఏళ్ళ తరబడి గమనించారు. కడియాన్ని మదనపల్లెకు తెచ్చి ఉంటే, దాని బండారం ఎప్పుడో బయటపడేది!

మీకు తెలుసా? 2010లో జర్మనీలోని కొలోన్‌లో 28 మందికి గోల్ఫ్ బంతులిచ్చి తలా పదిసార్లు గుంటలోకి కొట్టమన్నారు. కొందరితో "ఇది లక్కీ బంతి, ఇప్పటిదాకా అందరికీ కలిసొచ్చింది" అన్నారు. మిగతావాళ్ళతో "ఇది ఇప్పటిదాకా అందరూ వాడిన బంతి" అని ఊరుకున్నారు. మామూలు బంతికి సగటున 4.75. లక్కీ బంతికి 6.42! రెండూ ఒకే రకం బంతులు. ఒక్క అబద్ధం విలువ 1.67 గుంటలు!

మురిసిపోకండి. 2014లో అమెరికాలో ఎక్కువమందితో అదే ప్రయోగం మళ్ళీ చేస్తే లక్కీ బంతి తుస్సుమంది. అదృష్టానికి అట్లాంటిక్ దాటే వీసా దొరకలేదు!

అయినా అదే అమెరికాలో 2011లో వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 41 మందిలో కొందరికి గోల్ఫ్ కర్ర ఇస్తూ, "ఇది బెన్ కర్టిస్ వాడిన కర్ర" అని చెవిన వేశారు. కర్టిస్ 2003 బ్రిటిష్ ఓపెన్ విజేత. ఆ మాట విన్నవాళ్ళు పదింటికి సుమారు ఒకటిన్నర గుంటలు ఎక్కువ కొట్టారు. విడ్డూరం అది కాదు, గుంట ఎంత ఉందో గీయమంటే వాళ్ళు పెద్దదిగా గీశారు! కర్ర చేతికిస్తే కళ్ళు మారాయి.

మీకు తెలుసా? 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్, తైక్వాండో, కుస్తీ పోటీల్లో ఎవరికి ఎర్ర దుస్తులు, ఎవరికి నీలం అన్నది ఎవరి ఇష్టం మీదా ఆధారపడలేదు. అయినా ఎర్రబట్టలే 55 శాతం గెలిచాయి! ధైర్యం పెరిగిందా? తర్వాత 42 మంది తైక్వాండో రెఫరీలకు వీడియోలు చూపించారు. అవే పోటీలు, కంప్యూటర్లో రంగులు మాత్రం తారుమారు. ఎర్రబట్టలోడికి సుమారు 13 శాతం ఎక్కువ పాయింట్లు! పని చేసింది ఆటగాడి మీద కాదు, రెఫరీ మీద!

భుజాలకు, మోకాళ్ళకు అతికించే రంగురంగుల పట్టీలు చూశారుగా? జపానువాడు కెంజో కాసే సృష్టి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు 58 దేశాలకు 50,000 చుట్టలు ఊరికే పంచారు! హాంకాంగులో కొందరు పరిశోధకులు గడుసుగా ఆలోచించి, "ఇవి సెన్సర్లు" అని బొంకి, పట్టీల సంగతే ఎరగనివాళ్ళకు అతికించారు. కండబలం వీసమెత్తు పెరగలేదు. పట్టీ అని తెలిస్తేనే కదా కండకు ఉత్సాహం!

బాస్కెట్‌బాల్ వీరుడు మైకేల్ జోర్డాన్ తన జట్టు నిక్కరు కింద కాలేజీ రోజుల నిక్కరు కూడా తొడిగేవాడు. ఆరు ఛాంపియన్‌షిప్పులు! లోపలిది కనపడకుండా పైది పొడుగ్గా కుట్టించుకున్నాడు. అమెరికా కుర్రాళ్ళంతా పొడుగు నిక్కర్లకు ఎగబడ్డారు.

1998 ఫుట్‌బాల్ ప్రపంచకప్పులో ఫ్రాన్స్ ఆటగాడు లారాన్ బ్లాన్ మ్యాచ్‌కు ముందు గోల్‌కీపర్ బార్తెజ్ బోడిగుండుకు ముద్దు పెట్టేవాడు. ఫ్రాన్స్ కప్పు గెలిచింది. గుండువాడు ఫైనల్ ఆడాడు. ముద్దు పెట్టినవాడికి సెమీఫైనల్లో రెడ్ కార్డు!

మీకు తెలుసా? గుర్రాలూ ముక్కుపట్టీ పెట్టుకుంటాయి! 2014లో కాలిఫోర్నియా క్రోమ్ అనే గుర్రం ముక్కు మీద పట్టీతో కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్ పందేలు రెండూ గెలిచింది. ఆ వరసలో మూడో పందెం బెల్మాంట్. ఆ పట్టీకి అనుమతి కోసం పెద్ద రగడే అయింది. చివరికి పెట్టుకోనిచ్చారు. వచ్చింది నాలుగో స్థానం, అదీ ఇంకో గుర్రంతో కలిసి!

గుర్రం దాకా ఎందుకు, మన చిత్తూరు పల్లెల్లో పశువుల పండగకు ఎద్దు కొమ్ములకు పలకలు కడతారు, మెడకు దిష్టితాడు వేస్తారు. తాడు కట్టినట్టు ఎద్దుకు తెలుస్తుందా? తెలియదు. కానీ అమెరికాలో కీళ్ళనొప్పుల కుక్కల మీద జరిగిన ఒక పరిశోధనలో ఉత్తుత్తి మందు మింగిన కుక్కల్ని చూసి, "మా కుక్క బాగా నడుస్తోంది" అన్న యజమానులు బోలెడంత మంది. పశువైద్యులూ అదే మాటన్నారు! కాబట్టి మన తాడూ పని చేస్తుంది, ఎద్దు మీద కాదు, పగ్గం పట్టినవాడి మీద.

ఇక నిజంగా పనిచేసే సరుకు చూద్దాం. మన వెయిట్‌లిఫ్టర్ కర్ణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చినప్పుడు ఎత్తిన మొత్తం 240 కిలోలు: 110 ఒకసారి, 130 ఒకసారి. ఆ 130 ఎంతంటే, ఓ పుంగనూరు ఆవును నెత్తి మీదికి ఎత్తినంత! లిఫ్టర్లు నడుముకు కట్టే బెల్టు మహిమ కాదు, పొట్టలో ఒత్తిడి పెంచి వెన్నుకు దన్నిచ్చే పనిముట్టు. దాని వెడల్పు 12 సెంటీమీటర్లు దాటకూడదని రూలు కూడా ఉంది. మొలతాడుకు ఏ రూలూ లేదు, గమనించారా?

మీకు తెలుసా? 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ ఆటగాళ్ళు చాలామంది బూట్లు లేకుండా దిగి, యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయారు. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీమ్. దెబ్బకు బూట్లు తప్పనిసరి చేశారు. 1956 మెల్‌బోర్న్‌లో అదే రహీమ్ జట్టుకు నాలుగో స్థానం! బూటుకు నమ్మకంతో పనిలేదు మరి.

మరీ బాగా పనిచేస్తే? నిషేధిస్తారు! 2009 రోమ్ ఈత పోటీల్లో ఒంటికి అతుక్కునే కొత్తరకం సూట్లతో 43 ప్రపంచ రికార్డులు కూలాయి. 2010 జనవరి 1 నుంచి అవి బంద్. నిజంగా పనిచేసేది నీళ్ళలోకి దిగకూడదు. పనిచేయనిది అంగట్లో దర్జాగా వేలాడుతుంది. ఇంతకన్నా తమాషా ఉందా!

మీకు తెలుసా? ఆరుగురు సైక్లిస్టులకు కాఫీలోని కెఫీన్ ఇస్తున్నామని చెప్పి, అది ఒక్క చుక్కా లేని గొట్టం మాత్రలే మింగించారు. కొంచెం డోసు అనుకున్నప్పుడు శక్తి 1.3 శాతం పెరిగింది. రెట్టింపు డోసు అనుకుంటే 3.1! "ఈసారి ఉత్తదే" అనుకున్నప్పుడు 1.4 శాతం పడిపోయింది! మూడుసార్లూ ఉత్తదే, సార్!

గ్లాస్గోలో అయితే ఏకంగా సూదే పొడిచారు. కొత్త ఉత్తేజకం అని చెప్పి వట్టి ఉప్పునీళ్ళు ఎక్కిస్తే, 3 కిలోమీటర్ల పరుగు 1.2 శాతం వేగం పుంజుకుంది. డోపింగ్ పరీక్షలో ఏం దొరుకుతుంది? ఉప్పు!

ఇక ఆఖరి ప్రశ్న. అబద్ధమని తెలిసిపోతే పనిచేయదు కదా? అక్కడే తప్పులో కాలేశారు! 2019లో వెలువడిన బ్రెజిల్ పరిశోధన ఇది. 28 మంది మహిళా సైక్లిస్టులకు "ఇందులో మందేమీ లేదు" అని ముఖానే చెప్పి పిండి నింపిన గొట్టాలిచ్చారు. కిలోమీటరుకు 104.4 సెకన్లు పట్టేది 103.6 అయింది! తెలిసీ మింగిన గొట్టం పిండికే 0.8 సెకను తగ్గితే, తెలిసీ మింగే రాగిసంగటి ముద్దకు ఎంత తగ్గాలి? లెక్క మీరే వేయండి!