గులేబకావళి పువ్వుకు మన పసుపు ఏమవుతుంది?

పిల్లలూ, ఈసారి మన కబురు ఒక సినిమా మీద. 1962 జనవరిలో వచ్చిన ‘గులేబకావళి కథ’. ఎన్.టి. రామారావు తానే దర్శకత్వం చేసి, తానే కథానాయకుడిగా వేశారు. కథానాయిక జమున. పాటలు మాత్రం మన ప్రాంతానివి! వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి సినిమా పాటల ప్రయాణం మొదలైంది ఈ సినిమాతోనే. ఉర్దూ మీడియంలో చదువుకున్న సినారెకు ఈ కథే దొరకడం బాగా కుదిరింది. ఎందుకంటే ఇది ఉర్దూ మీదుగా ఊరూరా తిరిగిన కథ. 18వ శతాబ్దం మొదట్లో బెంగాల్‌కు చెందిన ఇజ్జతుల్లా దీన్ని ఫారసీ వచనంలో రాశాడు. కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీ కోసం నిహాల్‌చంద్ లాహోరీ 1803లో ఉర్దూలోకి తెచ్చాడు. నవలలు రాకముందు జనానికి నవలలంటే ఇవే, ఈ దాస్తాన్లే.

మా పిల్లలతో కూర్చుని పాత సినిమా చూస్తే ఒక్క సీనూ సాఫీగా సాగదు. “తాతా, గట్లెట్లయితది?” అని మధ్యలో అడ్డం పడుతూనే ఉంటారు. పడాలి కూడా. మంచి జానపద కథలో ఒక్కో వింత ఒక్కో ప్రశ్న. సినిమా కథను తనకు కావలసినట్టు మలచుకుంది కాబట్టి పాత దాస్తాన్‌లోని ముచ్చట్లు కూడా కలిపి, సీను తర్వాత సీను చూద్దాం పట్టండి.

మొదటి సీను: కొడుకును చూస్తే కళ్లు పోతాయట

రాజుకు కొడుకు పుడతాడు. ఈ బిడ్డను చూస్తే నీ చూపు పోతుందని జోస్యం చెబుతారు. కొన్నేళ్లకు రాజు ఆ కొడుకును చూడనే చూస్తాడు, చూపు పోనే పోతుంది. రాజ్యమంతా గగ్గోలు.

బిడ్డా, కొడుకును చూస్తే ఏ తండ్రి కళ్లూ పోవు. చూస్తే కళ్లు పోయేది ఒకటి నిజంగానే ఉంది, అది సూర్యుడు. గ్రహణం రోజున వట్టి కళ్లతో సూర్యుణ్ణి తదేకంగా చూస్తే కంటి వెనక ఉండే రెటీనా కాలిపోతుంది. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి కాలుతున్న సంగతి కూడా మనకు తెలియదు. కొన్ని గంటలు గడిచాక చూపు మధ్యలో మచ్చ కనబడినప్పుడే తెలుస్తుంది.

ఆ సీనులో నాకు రాజు మీద జాలి, ఆస్థాన వైద్యుల మీద కోపం. అంతమంది వస్తారు, గడ్డాలు నిమురుతారు, గులేబకావళి పువ్వు తెస్తే తప్ప చూపు రాదని ఒక్కమాటగా చెప్పేస్తారు. ఒక్కడంటే ఒక్కడు దీపం తెచ్చి రాజుగారి కంట్లోకి చూడడు! చూపు పోవడం ఒక జబ్బు కాదు, ఎన్నో జబ్బులకు చివర కనిపించే లక్షణం. నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియా తెల్లబడవచ్చు. లోపలి కటకం మసకబారి శుక్లం కావచ్చు. కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినే నీటికాసులు కావచ్చు. షుగరు వల్ల రెటీనా పాడై ఉండవచ్చు. చిన్నపిల్లల్లో విటమిన్ ఎ తక్కువై రేచీకటితో మొదలై కార్నియా కరిగిపోయే దాకా పోవచ్చు. ఒక్కోదానికి ఒక్కో వైద్యం. ఏది పాడైందో చూడకుండా మందు చెప్పేస్తే, ఆ మందు కోసం ఎన్ని సముద్రాలు దాటినా ఏం లాభం?

రెండో సీను: పిల్లి నెత్తిన దీపం

పువ్వు కోసం బయలుదేరిన రాజుగారి పెద్ద కొడుకులు దారిలో ఒక జాణ ఇంట్లో పాచికలాడి సర్వం పోగొట్టుకుని ఆమెకు బానిసలవుతారు. దాస్తాన్‌లో ఆమె కిటుకు భలే ఉంటుంది. ఆటలో వెలుతురుకు దీపం ఒక పిల్లి నెత్తిన ఉంటుంది. పాచిక ఎదురు తిరిగితే పిల్లి దీపాన్ని కదిపి నీడ చేస్తుంది. ఆ చీకట్లో ఒక ఎలుక వచ్చి పాచికను తిప్పేసి పోతుంది.

రాజకుమారులు లెక్కలు నేర్చుకుని ఉంటే మొదటి రాత్రే బయటపడేవారు. రెండు పాచికలు 36 రకాలుగా పడవచ్చు. అందులో రెండూ ఆరు పడేది ఒక్కటే రకం. అవతలి మనిషికి కావలసినప్పుడల్లా కావలసిందే పడుతుంటే అది అదృష్టం కాదు, చేతివాటం. అసలు అంతకంటే ముందు అడగాల్సిన మాట ఇంకొకటి ఉంది: అంత పెద్ద మేడలో దీపం పెట్టడానికి ఒక దీపస్తంభం దొరకలేదా, పిల్లి నెత్తినెందుకు పెట్టారు?

అయినా కథకుడు జంతువులను బాగా గమనించినవాడే. పిల్లి రెటీనా వెనక అద్దంలాంటి పొర ఉంటుంది. ఒకసారి పట్టుబడకుండా పోయిన వెలుతురును అది మళ్లీ రెటీనా మీదికి తిప్పి పంపుతుంది. రాత్రి బండి లైటు పడితే పిల్లి కళ్లు మెరిసేది అందుకే. మనకు కావలసిన వెలుతురులో ఆరో వంతు ఉన్నా పిల్లికి చాలు. ఎలుక సంగతి వేరు. దానికి చీకట్లో దారి చూపేది మీసాలు. మీసం తగిలిన మేరకు ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో పసిగడుతుంది. పిల్లి, ఎలుక తగవు పడకుండా ఒకే జట్టులో పనిచేయడమే నాకు ఈ కథ మొత్తంలో నమ్మశక్యం కాని మాయ. శిక్షణ ఇవ్వాలంటే పని చేసిన ప్రతిసారీ జంతువుకు తిండి పెట్టాలి. ఇక్కడ పిల్లికి తిండి ఎదురుగానే తిరుగుతోంది కదా!

మూడో సీను: పువ్వు దొరికింది

ఎట్టకేలకు కథానాయకుడు, అంటే రాజు చూడకూడదన్న ఆ కొడుకే, బకావళి అనే దేవకన్య తోటలోకి చొరబడి పువ్వు తెంపుతాడు. ఆ పేరు గల మొక్క నిజంగా ఉంది. నర్మద పుట్టిన అమరకంటక్ కొండల్లో గుల్‌బకావలి అని తెల్లటి, కమ్మటి వాసన గల పువ్వును చూపిస్తారు. వృక్షశాస్త్రంలో దాని పేరు హెడీకియం కరోనేరియం. ఎక్కడో కరీబియన్ దీవుల్లోని క్యూబాకు ఇదే జాతీయ పుష్పం. చూడడానికి సీతాకోకచిలుక రెక్కలు విప్పినట్టుంటుంది.

ఈ దేవలోకపు పువ్వు చుట్టాలు మన మెట్‌పల్లి, కోరుట్ల చేలల్లోనే ఉన్నారు. అల్లం, పసుపు, గుల్‌బకావలి అన్నీ ఒకే కుటుంబం! పసుపు చేను అంటే అందరూ కొమ్మే గుర్తుచేసుకుంటారు, పువ్వును పట్టించుకునేవారు లేరు. వానాకాలం చివర పసుపు చేలోకి దిగి ఆకుల నడుమ చూడండి. లేత ఆకుపచ్చ దోనెలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న కంకి కనబడుతుంది. పైన దోనెలు తెల్లగా, కొసలు ఒక్కోసారి గులాబీ రంగులో ఉంటాయి. వాటిని చూసి పువ్వు అనుకుంటాం, అవి పువ్వు కావు. కింది దోనెను వేలితో కొద్దిగా వంచితే లోపల పచ్చటి చిన్న పువ్వు దాక్కుని ఉంటుంది. ఆ పువ్వులో పెద్దగా, వెడల్పుగా కనిపించే రేకు కూడా అసలు రేకు కాదు. పుప్పొడి ఇవ్వడం మానేసి రేకులా మారిపోయిన కేసరాలవి. పుప్పొడి ఇచ్చే కేసరం ఒక్కటే మిగిలింది. గుల్‌బకావలిలోనూ ఇదే తీరు. అదే కుటుంబ లక్షణం.

గుల్‌బకావలి సాయంత్రం వేళ విచ్చుకుని రాత్రంతా వాసన వెదజల్లుతుంది. తెలుపు రంగు, రాత్రి వాసన రెండూ రాత్రి తిరిగే చిమ్మటలకు పిలుపు. ఇక్కడే మన కథానాయకుడికి పెద్ద చిక్కు. ఆ పువ్వు తెంపిన మర్నాటికే వాడిపోతుంది. దేశాలు దాటి గుర్రం మీద తెచ్చేసరికి రాజుగారికి మిగిలేది ఎండు రేకులే. నేనైతే పువ్వు వద్దని, దుంప తవ్వి తెమ్మనేవాణ్ణి. రాజధానిలో నాటితే ఏడాదికేడాది పూసేది.

నాలుగో సీను: కళ్లకు పువ్వు, వెంటనే చూపు

పువ్వు కళ్లకు తాకించగానే రాజుకు చూపు వస్తుంది. సినిమా హాల్లో ఈలలు. ఈ సీను దగ్గర మాత్రం నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, వినండి.

మొక్కల్లో కంటి మందు లేదనడం తప్పు. కంటి పరీక్షకు ముందు కనుపాపను పెద్దది చేసే అట్రోపిన్ బెల్లడోనా మొక్క నుంచి వచ్చింది. మన ఊరి పొలిమేర ఉమ్మెత్తలోనూ అది ఉంటుంది. నీటికాసులకు వాడే పైలోకార్పిన్ బ్రెజిల్ దేశపు మొక్క నుంచి వచ్చింది. కానీ వాటిని శుద్ధిచేసి, సూక్ష్మజీవులు లేకుండా చేసి, మోతాదు కట్టి చుక్క చేశారు. చేతులతో నలిపి పిండిన పసరు అలాంటిది కాదు.

వరికోతలప్పుడు వడ్లగింజో, ఆకు అంచో కంట్లో గీసుకుపోతుంది. కార్నియా మందం అర మిల్లీమీటరు పైచిలుకు, అంతే. ఆ గీత మీద పసరు పిండితే ఆకు మీది బూజు నేరుగా పుండులో చేరుతుంది. కొద్ది రోజుల్లో కన్ను ఎర్రబడి, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ పడుతుంది. గీసుకున్న రోజే డాక్టరు దగ్గరికి పోతే నిలిచే కన్ను, పసరుతో పోతుంది. అమరకంటక్‌లో గుల్‌బకావలి అర్కు కంటికి మంచిదని సీసాల్లో అమ్ముతారు. పువ్వు వాసన చూడండి, అర్కు మాత్రం కంట్లో పోయకండి.

మరి రాజుకు చూపు నిజంగా ఎలా వచ్చేది? ఆయనది శుక్లమైతే తేలిక. కంటి కటకంలోని ప్రోటీన్లు ఉడికిన గుడ్డులో తెల్లసొన గట్టిపడినట్టు ముద్దలు కట్టి వెలుతురును అడ్డుకుంటాయి. ముద్దకట్టినదాన్ని ఏ చుక్కా మళ్లీ స్వచ్ఛంగా మార్చలేదు. తీసేసి వేరేది పెట్టాల్సిందే. ఆ వేరే కటకం ఎలా దొరికిందో వినండి. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలు పగిలి ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో దిగాయి. ఆ ముక్కలు లోపలే ఉండిపోయినా కన్ను వాటితో గొడవపడలేదని హెరాల్డ్ రిడ్లీ అనే లండన్ డాక్టరు గమనించాడు. అదే రకం ప్లాస్టిక్‌తో కటకం చేయించి 1949 నవంబరు 29న మొదటిసారి మనిషి కంట్లో అమర్చాడు. దానికి ఐదు రోజుల ముందే, నవంబరు 24న, ఎన్.టి. రామారావు మొదటి సినిమా ‘మనదేశం’ విడుదలైంది.

ఆ ‘మనదేశం’ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్. హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు కంటి ఆసుపత్రి పెట్టాలనుకున్నప్పుడు ఈ ప్రసాద్ గారే స్థలం, ధనం ఇచ్చారు. 1987లో మొదలైన ఆ సంస్థకు ఆయన పేరే పెట్టారు. పల్లెలకు వెళ్లాలని ఆ సంస్థ నిశ్చయించుకున్నప్పుడు మొదటి గ్రామీణ కేంద్రం వెలిసింది అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోనే, 1996లో, ముధోల్‌లో. రామారావును వెండితెరకు తెచ్చిన చేయే ముధోల్ ముసలవ్వ చూపుకు సాయపడింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కార్నియా తెల్లబడిన రాజైతే ఇంకొకరి దానం కావాలి. చనిపోయిన ఆరు గంటల లోపు కార్నియాలు తీసుకుంటే ఇద్దరికి చూపు ఇవ్వవచ్చు. అద్దాలు పెట్టుకున్నవారూ, శుక్లం ఆపరేషన్ అయినవారూ దానం చేయవచ్చు. నీటికాసులతో నరం చచ్చిపోయిన రాజుకు మాత్రం ఈనాటికీ పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవడమే. అందుకే మళ్లీ మళ్లీ అంటున్నాను, ముందు కన్ను చూడాలి, మందు ఆ తర్వాతే.

ఐదో సీను: సగం మనిషి, సగం రాయి

దాస్తాన్‌లో ఇంద్రుడి శాపం వల్ల బకావళి నడుము కింద రాయి అయిపోతుంది. పన్నెండేళ్లు అలాగే. గుండె కొట్టిన రక్తం నడుము దగ్గర ఎక్కడికి పోయిందో కథకుడు చెప్పడు! ప్రాణి రాయిగా మారడం మాత్రం అబద్ధం కాదు. ప్రాణహిత పక్కన యామనపల్లిలో కోటసారస్ అనే డైనోసార్ ఎముకలు దొరికాయి. దాదాపు 18 కోట్ల ఏళ్ల కిందటిది, తొమ్మిది మీటర్ల పొడవు. జియలాజికల్ సర్వే శాస్త్రవేత్త పి. యాదగిరి 1988లో దానికి ఆ ఊరి పేరు కలిపి యామనపల్లియెన్సిస్ అని నామకరణం చేశారు. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో దాని అస్థిపంజరం నిలబెట్టారు.

అది రాయి అయ్యేందుకు శాపం అక్కర్లేదు. చచ్చిన జంతువును ఏటి ఒండ్రు వెంటనే కప్పాలి. మాంసం కుళ్లిపోతుంది. ఎముకలోని సన్నని రంధ్రాల్లోకి ఖనిజాలు కరిగిన నీరు ఇంకి, అవి అక్కడే గడ్డకడతాయి. పన్నెండేళ్లు చాలవు, వేల లక్షల ఏళ్లు కావాలి. బకావళిలా మళ్లీ లేచి రావడం ఉండదు.

ఇంతకీ సినిమా చూడొద్దంటానా? తప్పక చూడండి. సినారె పాటలు వినండి. చూపు కోల్పోయిన తండ్రి కోసం కొడుకు అడవులు పట్టిపోవడం ఎంతో మంచి కోరిక. ఆ కోరికను మీరు ఇంట్లోనే తీర్చవచ్చు. ఈ ఆదివారం మీ బాపమ్మను, తాతను గోడమీది క్యాలెండర్‌కు ఎదురుగా కూర్చోబెట్టండి. ఒక కన్ను అరచేత్తో మూయించి తేదీలు చదివించండి, తర్వాత రెండోది మూయించండి. ఒక కన్ను మసకబారినా రెండోది పని నడిపిస్తుంది కాబట్టి చాలామందికి తెలియనే తెలియదు. రెండు కళ్లకూ తేడా కనిపిస్తే వారం తిరగకముందే కంటి డాక్టరు దగ్గరికి మీరే తోడు వెళ్లండి.